అరచేతికి వినపడనిది

మా ఇల్లు, మూడో అంతస్తు
జూన్ మొదట్లో

అన్నయ్యకు,

ఇక్కడ కారు తప్ప అందరం బాగున్నాం. నువ్వెలా ఉన్నావని అడగను. వదిన ఫోన్లో చెప్పింది. ఇంట్లో కూర్చుని గోడకేసి చూస్తూ, ఎవరేమన్నా "నాకు తెలుసు" అంటున్నావట. నీకేం తెలుసో మాక్కూడా చెబితే బాగుండేది.

అసలు సంగతికి వస్తాను. నీ కూతురు బిడ్డను కని నెలలు గడుస్తున్నాయి. మనవరాలిని చూడ్డానికి నువ్వు రానంటున్నావు. వెళ్ళి ఏం చేయను, అది ఏడ్చినా నాకు వినపడదు, నవ్వినా వినపడదు అన్నావట. పసిపిల్ల ఏడుపు వినపడని తాతయ్య ఆ ఇంట్లో అందరికన్నా సుఖంగా నిద్రపోతాడని నీకు తట్టలేదు. పోనీ మా కారులో నలుగురం కలిసి వెళ్దామంటే వదిన ఒప్పుకోవడం లేదు. ఆ డబ్బాలో చెవులున్నవాళ్ళకే పక్కవాళ్ళ మాట వినపడదు, ఈయన పక్కన కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొంతు చించుకోలేను, నేనొక్కదాన్నే రైలెక్కి పోతాను అంటోంది. అంటే నిన్ను ఇంట్లో వదిలేసి. నాకది ఏమాత్రం నచ్చలేదు.

అందుకని మీ బావగారు కారు చప్పుడు తగ్గించే పనిలో పడ్డారు. బడిలో పిల్లలకి డ్రాయింగ్ చెప్పే మనిషి కారు తలుపులు విప్పితే ఎలా ఉంటుందో ఊహించుకో. విడిభాగాల దుకాణంలో ఒకవైపు వెండిరేకు అంటించిన రబ్బరు షీట్లు చూపించారు. కారంతా వేయించుకుంటే ఆ ఖరీదుకి ఇలాంటి పాత కారు ఇంకోటి వస్తుంది. ఎవరో కోడిగుడ్ల అట్టలు అంటిస్తే చాలన్నారట. ఈయన నిజంగానే అట్టలు పోగు చేస్తున్నారు. అట్టల్లో ఉండాల్సిన గుడ్లు నా వంటింట్లో గిన్నెల్లో దొర్లుతున్నాయి.

నీ షెడ్డులో ఏళ్ళ తరబడి కార్ల రేకులు సుత్తితో బాదీ బాదీ చెవులు పోగొట్టుకున్నవాడివి. ఏది కొనాలో, ఏది చవగ్గా పనికొస్తుందో చెప్పు. చెవికి మిషను పెట్టించుకోమని మాత్రం ఈసారి అనను. అనీ అనీ నాకే విసుగొచ్చింది.

నీ చెల్లెలు


షెడ్డు మీది గది
జూన్ మూడో వారం

చెల్లెమ్మకు,

చప్పుడెలా తగ్గించాలో చెవిటివాణ్ణి అడిగిన మొదటి మనిషివి నువ్వే. మీ పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని పేషంట్లని కూడా ఇలాగే పంపుతున్నావా, మోకాలు నొప్పికి పన్ను పీకించుకోమని?

అయినా అడిగావు కాబట్టి చెబుతాను. ఫోనులో అయితే నువ్వు అరిచేది నాకు వినపడదు, నేను అరిచేది మీ మేడంతా వినపడుతుంది. ఉత్తరమే నయం.

గుడ్ల అట్టలు గుడ్లకి ఇచ్చేయమను. అవి తేమ పీల్చి బూజు పడతాయి, బొద్దింకలు వచ్చి కాపురం పెడతాయి, చప్పుడు మాత్రం అక్కడే ఉంటుంది. శ్రద్ధగా విను. కారులో చప్పుడంటే రేకు వణుకు. పాత రేకు పల్చబడిపోయి, రోడ్డు కుదిపినప్పుడల్లా కింద పడ్డ పళ్ళెంలా మోగుతుంది. మోగే పళ్ళెం మీద వేలు పెడితే ఏమవుతుంది? అదే వైద్యం. రేకంతా కప్పక్కర్లేదు. కప్పమని దుకాణంవాడు అంటాడు, వాడి షీట్లు అమ్ముడుపోవాలి కదా. ప్రతి రేకుకీ నడిమధ్యన నాలుగో వంతు మేర ఆ బరువు రబ్బరు అంటిస్తే చాలు. అంటే వాడు చెప్పినదాంట్లో నాలుగో వంతు కొంటే సరిపోతుంది.

ఎక్కడ అంటించాలో చేత్తో చూసుకోవాలి. మాస్టారు ఇంజను ఆడిస్తూ ఉంటే నువ్వు తలుపుల మీద, నేల మీద, డిక్కీలో అరచెయ్యి ఆనించు. ఎక్కడ జిల్లుమంటుందో అక్కడ. ముందు జిడ్డు లేకుండా తుడిచి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో షీటు వెచ్చచేసి, గాజు సీసాతో గట్టిగా రుద్దాలి. తలుపు అడుగున వాననీళ్ళు పోవడానికి సన్న బెజ్జాలుంటాయి. వాటిని మూశారంటే ఆ తలుపులో చేపలు పెంచుకోవచ్చు. ఇంకా చవగ్గా కావాలంటే డాబా కారకుండా వేసే తారు షీటు ఉంది. అది నేలకి వేసుకోండి. పైకప్పుకి వద్దు, ఎండకి జారుతుంది.

నేను ఎప్పుడూ ఈ చేత్తోనే చప్పుడు పట్టుకున్నాను. చెవులు మోసం చేస్తాయి, చెయ్యి చేయదు.

ప్రయాణం మాటంటావా, మీ డబ్బా నోరు మూసుకున్న రోజున వస్తాను. ముందు చేసి చూపించండి. మాస్టారి పనితనం తెలిసినవాణ్ణి కాబట్టి పెట్టె సర్దుకోవడం లేదు.

అన్నయ్య


మా ఇల్లు
ఆగస్టు

అన్నయ్యకు,

పైకప్పుకి వద్దన్నావు. మీ బావగారు చదివారు. చదివాక కూడా, నేలకి వేయగా తారు షీటు మిగిలిపోయిందని, పారేయడానికి మనసొప్పక పైకప్పుకే అంటించారు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మండుటెండలో మా డాక్టరుగారిని ఇంటి దగ్గర దింపుతున్నాం. ఆయన వెనక సీట్లో కూర్చున్నారు. షీటు మెల్లగా జారి, దుప్పటిలా ఆయన నెత్తిన కప్పుకుంది. ఆయన కేకలు పెట్టారట. ముందు సీట్లో ఉన్న మాకు తెలియలేదు, కారు అంత చప్పుడు చేస్తోంది మరి. దిగేటప్పుడు తలుపు తీసి చూస్తే ఆ మహానుభావుడు నోరు తెరుచుకుని ఉన్నాడు. రోజంతా ఇతరుల్ని నోరు తెరవమనే మనిషిని అలా చూడ్డం నాకు కొంచెం బాగానే అనిపించింది. మర్నాడు క్లినిక్‌లో నవ్వకుండా ఉండటానికి నానా అవస్థా పడ్డాను.

తరవాత బుద్ధిగా నువ్వు చెప్పినట్టే చేశాం. వెండిరేకు రబ్బరు నాలుగో వంతు కొన్నాం. ఈయన ప్రతి ముక్కకీ పెన్సిలుతో గీతలు గీసి, మూలలు గుండ్రంగా కత్తిరించి, బొమ్మల ప్రదర్శనకి పెట్టబోతున్నట్టు అంటించారు. బెజ్జాలు మూయలేదు. అరచెయ్యి ఆనిస్తే తలుపు ఇప్పుడు కర్రబల్లలా ఉంది, జిల్లు అనే మాటే లేదు.

కారు ఎక్కి రోడ్డు మీదికి వెళ్ళామా, లోపల ఒకటే ఊళ. గడగడలు పోయాయి, నిజమే. అవి పోయాక వెనకాల దాక్కున్న ఈ ఊళ బయటపడింది. వేగం పెరిగే కొద్దీ ఎవరో సీసా మూతి దగ్గర పెట్టి ఊదుతున్నట్టుంది. అన్నయ్యా, నీ అరచేతికి నిశ్శబ్దమే. మా చెవులకి కాదు.

వదిన పెట్టె సర్దడం మొదలుపెట్టిందట. రైలు టికెట్టు ఇంకా తీసుకోలేదు, ఆగమని బతిమాలాను.

చెల్లెలు


షెడ్డు మీది గది
ఆగస్టు ఆఖరు

చెల్లెమ్మకు,

ఊళా లేదు ఏమీ లేదు. చెయ్యి ఆనిస్తే బల్లలా ఉందని నువ్వే రాశావు. రేకు వణకనప్పుడు చప్పుడెక్కణ్ణించి వస్తుంది? మాస్టారు పాడుతున్నారేమో కనుక్కో.

నా పనికి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు. గుద్దుకుని నుజ్జయిన కార్లని కొత్తవాటిలా చేసి పంపాను. పళ్ళ డాక్టరు నెత్తిన తారు పోసినవాళ్ళు ఇప్పుడు నాకు చెబుతున్నారు.

ఒక మాట. మీ వదిన అటక మీంచి పెద్ద పెట్టె దింపింది. నాలుగు రోజులు మనవరాలిని చూసొచ్చే మనిషికి అంత పెట్టె ఎందుకు? చలికోట్లు కూడా మడత పెట్టింది. అడిగితే ఏదో చెప్పింది. నాకు తెలుసు అన్నాను. నీకేమైనా చెప్పిందా?

అన్నయ్య


మా ఇల్లు
సెప్టెంబరు

అన్నయ్యకు,

పెట్టె సంగతి వదిననే అడుగు. ఆమె చెప్పింది వినపడకపోతే మళ్ళీ అడుగు. నాకు తెలుసు అనకు. అంతకన్నా నేను రాయలేను.

కారు సంగతి మాత్రం ఎంతైనా రాస్తాను. ఊళ ఎక్కణ్ణించి వస్తోందో మాకు అంతుపట్టడం లేదు. మీ బావగారు ఒకసారి కింద నుంచి అంటారు, ఒకసారి పైనుంచి అంటారు, మొన్న నా వైపు నుంచే వస్తోందన్నారు. మెకానిక్కుని పిలిస్తే ఇంజను మార్చమన్నాడు. నిన్ను పిలుద్దామనుకున్నాం. మళ్ళీ ఆలోచిస్తే ఏం లాభం అనిపించింది. వచ్చి తలుపు మీద చెయ్యి పెడతావు, బాగుందంటావు, భోంచేసి వెళ్తావు. ఈ పని చెవులున్నవాళ్ళు చేయాల్సింది. నీ రోజుల్లో నువ్వు గొప్ప పనివాడివే, కాదనను. ఇది నీవల్ల అయ్యేది కాదులే, వదిలేయి.

వదినని రైలెక్కించేస్తాం. నువ్వు గోడకి తోడుగా ఉండు.

చెల్లెలు


షెడ్డు మీది గది
సెప్టెంబరు ఆఖరు

చెల్లెమ్మకు,

వచ్చే ఆదివారం వస్తున్నాను. కారు కడిగి ఉంచండి. ప్రయాణం కోసం కాదు, కారు కోసం వస్తున్నాను. నావల్ల అవుతుందో లేదో నువ్వు చెప్పక్కర్లేదు.

భోజనం వద్దు.

అన్నయ్య


మా ఇల్లు
అక్టోబరు

అన్నయ్యకు,

నువ్వు వెళ్ళి వారమైనా మీ బావగారు ఇంకా తేరుకోలేదు. చెవుల మీదికి ఉన్ని టోపీ లాక్కుని ఎండలో చెమటలు కక్కుతూ వచ్చావు. జలుబన్నావు. తుమ్మిన పాపాన పోలేదు. మా ఇద్దర్నీ నోరు మూసుకోమని, కారుని పెద్ద రోడ్డు మీద తిప్పించి, కళ్ళు మూసుకుని కూర్చున్నావు. నిద్రపోయావనుకున్నాం. కాసేపయ్యాక కుడివైపు వెనక తలుపు చూపించి, దీని చుట్టూ ఉన్న రబ్బరు అంచు చచ్చిపోయింది, గాలి దూరుతోంది అన్నావు. తరవాత ముందు అద్దం మూల మీద వేలు పెట్టి, ఇక్కడ కూడా అన్నావు. అంతే, దిగిపోయావు. భోంచేయకుండా వెళ్ళడం ఒక్కటే నీ మామూలు పద్ధతిలో లేదు.

పాత కార్లు విప్పి అమ్మేవాడి దగ్గర గట్టిగా ఉన్న రబ్బరు అంచు దొరికింది. ఇంతకాలం కొన్న వాటన్నిట్లోకీ అదే చవక. రెండు చోట్లా వేయించాం. ఊళ పోయింది. ఇప్పుడు కారులో ఈయన ఊపిరి పీల్చడం కూడా వినపడుతోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన ముక్కుతో ఈల వేస్తారని తెలిసింది.

ఎలా పట్టుకున్నావు? చెయ్యి ఎక్కడా ఆనించలేదు, నేను చూస్తూనే ఉన్నాను. ఈయన మాత్రం, పనిలో పండిన మనిషికి ఒంటికే తెలిసిపోతుందని బడంతా చెప్పుకుంటున్నారు.

ఏమైతేనేం, డబ్బా నోరు మూసుకుంది. వస్తానన్న మాట నీదే. వదిన కూడా సరే అంది, సగం మనసుతో. శనివారం పొద్దున బయల్దేరుతున్నాం. ఆ టోపీ మాత్రం ఇంట్లో పెట్టిరా. అందులో నువ్వు మూత బిగించిన కూజాలా ఉన్నావు.

చెల్లెలు


అమ్మాయి ఇల్లు
నవంబరు మొదట్లో

చెల్లెమ్మకు,

మీరు మమ్మల్ని దింపి వెనక్కి వెళ్ళాక కుదురుగా కూర్చుని రాస్తున్నాను. నీ బుగ్గలు ఎర్రబడేలా చేయడానికే రాస్తున్నాను, అందుకని మాస్టారికి కూడా చదివి వినిపించు.

మూత బిగించిన కూజా అని నువ్వు ఉత్తరంలో రాశావు. కారులో మళ్ళీ అన్నావు. దారిలో ఇంకా ఏమన్నావో చెప్పనా? చిన్నప్పుడు కూడా అన్నయ్యకి పిలిస్తే పలకడం నామోషీగా ఉండేది, ఇప్పుడు దానికో సాకు దొరికింది అన్నావు. మాస్టారేమో, మీ అన్నయ్య నోరు తెరిస్తే కారులో బోల్టులు వదులవుతాయి, ఆయన్ని కూడా రబ్బరు షీట్లో చుట్టాల్సింది అన్నారు. అంత మెత్తటి మనిషి అంత మాట అనగలడని నాకిన్నాళ్ళూ తెలియదు. నా ముందే, అద్దంలో నా మొహంలోకి చూస్తూ, చిరునవ్వుతో. మీ అందరికీ అది అలవాటైపోయిందని నాకు అప్పుడర్థమైంది. మీ వదిన నవ్వింది. నా మీద నవ్విన నవ్వే అయినా, ఎంతకాలమైందో అది విని, సంతోషం పట్టలేకపోయాను.

టోపీ కింద మిషను ఉంది. నీవల్ల కాదు అని రాసిన ఉత్తరం చదివిన మర్నాడే వెళ్ళి పెట్టించుకున్నాను. మీరంతా ఇన్నేళ్ళు బతిమాలితే రాని బుద్ధి ఒక్క తిట్టుతో వచ్చిందని మురిసిపోకు. ఆ ఊళ ఏమిటో తేల్చుకోవాలనిపించింది, అంతే. ఇంట్లో పెట్టుకోలేదు. పెట్టుకుంటే మీ వదిన గెలిచినట్టవుతుంది. సొరుగులో దాచి, ఆ ఆదివారం మీ ఇంటికొచ్చినప్పుడు, మళ్ళీ ఈ ప్రయాణానికి తొడుక్కున్నాను. రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి కదా. బాగానే కూర్చుంది. ఆ ఊళని నా చెయ్యి పట్టుకోలేకపోయింది, ఒప్పుకుంటున్నాను. గాలి రేకుని వణికించదు, సందుల్లోంచి దూరిపోతుంది.

మధ్యాహ్నం నువ్వు ముందు సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయావు. మాస్టారికి రోడ్డు తప్ప లోకం పట్టదు. అప్పుడు మీ వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ, నాకు వినపడదనుకునే, నాతో మాట్లాడింది. ఆ పాత డబ్బాలో అయితే తన మాట తనకే వినపడాలన్నా అరవాల్సి వచ్చేది. అది అరిచి చెప్పే మాట కాదు. అందుకే చెప్పగలిగింది.

"నేనిక తిరిగి రాను. అమ్మాయి దగ్గరే ఉండిపోతాను. మీకెలా చెప్పాలో తెలియక ఇలా చెబుతున్నాను. మీ మీద కోపమేం లేదు. ఒక మాటంటే తిరిగి ఒక మాట వచ్చే చోట ఉండాలనుంది."

నీకు ముందే తెలుసు కదూ?

అన్నయ్య


మా ఇల్లు
నవంబరు

అన్నయ్యకు,

తెలుసు. జూన్‌లోనే చెప్పింది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అందుకే ఆమెని ఒక్కదాన్నే రైలెక్కనివ్వలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పక్కపక్కన కూర్చుంటే ఏదైనా మారుతుందేమోనని ఆశపడ్డాను. దాని కోసం రబ్బరు షీట్లు, తారు, గుడ్ల అట్టలు, మా డాక్టరుగారి నెత్తి, ఇన్నిటిని పణంగా పెట్టాను. నువ్వు విని ఉంటావని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

మీ బావగారికి ఉత్తరం చదివి వినిపించాను. ఆయన రెండు రోజులుగా కారు ఎక్కడం లేదు, నడిచి బడికి వెళ్తున్నారు. ఆ బోల్టుల మాట ఆయనది కాదని, నేనే నూరిపోశానని రాయమన్నారు. అబద్ధం, ఆయనదే.

నేను నిద్ర లేచేసరికి మీరిద్దరూ చెరో కిటికీలోంచి చూస్తున్నారు. మామూలే అనుకున్నాను. ఏమన్నావన్నయ్యా వదినతో? నాకు భయంగా ఉంది. త్వరగా రాయి. ఈసారి ఏడిపించకుండా రాయి.

చెల్లెలు


అమ్మాయి ఇల్లు
డిసెంబరు

చెల్లెమ్మకు,

"విన్నాను" అన్నాను. అరవలేదు. నా గొంతు నాకే వినపడుతోంది కాబట్టి ఎంత మెల్లగా అనాలో తెలిసింది.

మీ వదిన తిరిగి చూసింది. టోపీ లాగేసింది. చెవి వెనక మిషను చూసి, భుజం మీద ఒక్కటిచ్చింది. ఎంత గట్టిగా ఇచ్చిందంటే, రబ్బరు షీట్లు లేకపోతే కారంతా మోగేది. మళ్ళీ టోపీ నెత్తిన పెట్టి, అటు తిరిగి కూర్చుంది. నువ్వు లేచి "వచ్చేశామా" అన్నావు.

మనవరాలిని చూసి పోవాల్సినవాణ్ణి, ఇంకా ఇక్కడే ఉన్నాను. హాల్లో పడుకుంటున్నాను. మనవరాలు ఏడుస్తోంది, బాగా ఏడుస్తోంది, నిద్ర కరువైంది. సుఖంగా నిద్రపోతానని నువ్వు రాసింది జరగలేదు. మీ వదిన నాతో వస్తాననలేదు, రాననీ మళ్ళీ అనలేదు. పగలంతా తిడుతోంది. నేను వినకుండా పోయిన ఏళ్ళన్నిటి మాటలూ మొదటి నుంచి చెబుతోంది. మోకాలు నొప్పి మొదలైన రోజు, వాళ్ళ అక్క పోయిన రాత్రి నేను "నాకు తెలుసు" అన్న సంగతి, అన్నీ. నాకేమీ తెలియదు చెల్లెమ్మా. ఒక్కటి కూడా తెలియదు. సమాధానం చెప్పబోతే, ముందు వినండి అంటోంది. వింటున్నాను.

నిన్న ఆమె అలా చెబుతుండగానే చెవి నొప్పెట్టి, మిషను తీసి బల్ల మీద పెట్టాను. ఆమె ఆగిపోయింది. నాకు వినపడదని తెలిసి కూడా ఇన్నాళ్ళూ తనలో తాను మాట్లాడుతూనే ఉన్న మనిషి, చటుక్కున ఆగిపోయింది. ఇక అంతే అనుకున్నాను.

లేచి వచ్చి, మిషను తీసి నా చేతిలో పెట్టింది. ఏదో అంది. వినపడలేదు. పెట్టుకున్నాను.

అన్నయ్య